గిఫ్ట్ అంటే పెళ్లా, విషమా?

సందేహం: మా అబ్బాయి స్టాక్‌హోంలో ఉద్యోగంలో చేరాడు. అక్కడి ఫారంలో పెళ్లయిందా లేదా అని అడిగేచోట 'గిఫ్ట్' అని ఉందట. అదే మాటకు విషం అని కూడా అర్థమట. వేళాకోళమా, నిజమేనా? ఇంగ్లీషు గిఫ్టుతో దీనికేమైనా సంబంధం ఉందా? - ఒక పాఠకురాలు

సమాధానం: నిజమేనమ్మా. స్పెల్లింగ్ ఇంగ్లీషు గిఫ్టుదే, స్వీడన్‌వాళ్లు మాత్రం 'యిఫ్ట్' అని పలుకుతారు. పెళ్లయితే యిఫ్ట్, కాకపోతే 'ఊయిఫ్ట్'. విషమూ యిఫ్టే. డానిష్, నార్వేజియన్ భాషల్లోనూ ఈ రెండర్థాలూ ఉన్నాయి. జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషమే. డచ్చివాళ్లు చివరి అక్షరం ఊడగొట్టి విషాన్ని 'గిఫ్' చేసి, కానుకకు గిఫ్ట్ ఉంచుకున్నారు.

అన్నిటికీ మూలం 'ఇవ్వడం'. ఇంగ్లీషు గివ్, జర్మన్ గేబెన్ ఆ ఇంటివే.

పెళ్లి అర్థం మనకు కొత్త కాదు. "మా అమ్మాయిని తెనాలి ఇచ్చాం" అంటే, ఏమిచ్చారని ఎవరూ అడగరు. స్వీడిష్‌లో 'యిఫ్తా' అంటే అచ్చంగా పిల్లనివ్వడమే. పిల్లనిచ్చే హక్కున్న పెద్దను 'యిఫ్తుమన్' అన్నారు; 1734 నాటి వాళ్ల చట్టంలోనూ ఈ మాట ఉంది. అలా ఇచ్చిన పిల్ల 'యిఫ్ట్'. తర్వాత మగవాళ్లకూ అదే అంటుకుంది. మనం ఇంకా అంత దూరం వెళ్లలేదు, ఇల్లరికానికి పంపినా "అబ్బాయిని ఇచ్చాం" అనం కదా! పాత ఇంగ్లీషులోనూ ఈ మాటకు కన్యాశుల్కమని అర్థం, బహువచనంలో పెళ్లి. అప్పట్లో వాళ్లూ 'య' అనే పలికేవారు. ఇప్పటి 'గ' వైకింగుల భాష పెట్టిన భిక్ష. జర్మన్‌లో కట్నాన్ని ఇప్పటికీ 'మిట్‌గిఫ్ట్' అంటారు, అంటే పిల్లతోపాటు ఇచ్చేది.

మరి విషం ఎక్కడిది? గ్రీకులో 'దోసిస్' అంటే ఇవ్వడం. వైద్యులు ఒక విడతకు ఇచ్చే మందుకు ఆ పేరు పెట్టారు. మనం రోజూ అనే డోసు అదే. ఆ మాట లాటిన్‌లోకి వెళ్లాక, జర్మన్లు దాన్ని తమ భాషలోకి మార్చి గిఫ్ట్ అన్నారు. విషం అని పైకి అనలేక 'ఇచ్చింది' అని మెత్తగా అనడంతో మొదలై, చివరికి విషమే స్థిరపడింది. మన 'మందు' చూడండి. ఎలుకల మందు, పురుగుల మందు సరే, "అన్నంలో మందు పెట్టారు" అంటే అది జ్వరం తగ్గడానికి కాదు. మరుగుమందు ఇంకో రకం. ఇంగ్లీషు వెనమ్‌కు మూలమైన లాటిన్ మాటను పండితులు ప్రేమదేవత వీనస్‌తో ముడిపెట్టి, మొదట్లో అది వలపుమందే అంటారు!

మీ అబ్బాయికి ఇంకా పెళ్లి కాకపోతే మాత్రం 'ఊయిఫ్ట్' గడిలోనే టిక్కు పెట్టమనండి.