జొన్న రొట్టె తింటున్నా బరువు తగ్గడం లేదెందుకు?

ప్రశ్న: నా వయసు 42 సంవత్సరాలు, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. పాఠశాలలో పని చేస్తున్నాను. మూడు నెలలుగా రాత్రి అన్నం మానేసి పల్లీల పచ్చడితో జొన్న రొట్టెలు తింటున్నాను. ఉదయం టిఫిన్ బదులు చక్కెర కలిపిన బత్తాయి రసం తాగుతున్నాను. అయినా బరువు తగ్గలేదు. రొట్టె కూడా మానేయాలా?
- ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, రొట్టె మానవలసిన అవసరం లేదు. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటే, అంతే జొన్న పిండిలోనూ 330కి పైగానే ఉంటాయి కాబట్టి, అన్నానికి బదులు రొట్టె తిన్నంత మాత్రాన ఒంటికి చేరే శక్తి పెద్దగా తగ్గదు. జొన్న చేసే మేలు వేరే ఉంది. బియ్యంలో మూడు గ్రాములైనా లేని పీచు జొన్నలో దాదాపు పది గ్రాములు ఉండడం వల్ల, తక్కువ తిన్నా కడుపు నిండినట్టుండి, మళ్ళీ ఆకలి వేయడానికి ఎక్కువ సేపు పడుతుంది. రొట్టెల లెక్క తగ్గించుకున్నప్పుడే ఆ మేలు మీకు అందుతుంది. మన పెద్దలు గటక, రొట్టె కడుపునిండా తిని పొద్దంతా చేనులో నడుము వంచి పని చేశారు. కూర్చుని చేసే ఉద్యోగాలకు అంత తిండి అక్కరలేదు.

మీ విషయంలో నాకు పచ్చడి మీదే ఎక్కువ అనుమానం ఉంది. పల్లీలు బలమైన ఆహారమే అయినా, గుప్పెడు, అంటే 30 గ్రాముల పల్లీలలో సుమారు 170 కేలరీలు, పోపుకు వేసే 15 గ్రాముల నూనెలో మరో 135 ఉంటాయి; ఆ రెండూ కలిస్తే పచ్చడే ఒక పెద్ద రొట్టెను మించిపోతుంది. వారంలో ఎక్కువ రోజులు పుంటికూర పప్పు, తోటకూర, బొబ్బెర్ల కూర, ఉలవచారు వంటివి తక్కువ నూనెతో వండుకుని, పల్లీల పచ్చడిని ఒక చెంచాకు పరిమితం చేయండి. వంద గ్రాముల ఉలవల్లో 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవారు మాత్రం పుంటికూర, తోటకూర తరచుగా తినకూడదు.

నల్లగొండ బత్తాయిని రసం తీయకుండా తొనలుగా తినండి. గ్లాసు రసానికి మూడు నాలుగు కాయలు పిండి, పీచు పారేసి, పైగా చక్కెర కలిపితే, అది ఆకలి తీర్చకుండానే కేలరీలు పెంచుతుంది. ఉదయం మజ్జిగ కలిపిన జొన్న అంబలితో పాటు ఉడికించిన గుడ్డు గాని, గుగ్గిళ్ళు గాని తీసుకోండి.

మీరు మూడున్నర కిలోలు తగ్గినా రక్తపోటు, చక్కెర అదుపునకు మేలు కలుగుతుంది. వారానికొకసారి, ఉదయం పరగడుపున బరువు చూసుకోండి. ఈ మార్పులు రెండు నెలలు పాటించినా తేడా కనిపించకపోతే, వైద్యుని కలిసి థైరాయిడ్, చక్కెర పరీక్షలు చేయించుకోండి.