బాయ్‌కాట్‌లో ‘బాయ్’ ఎవరు?

ప్రశ్న: బాయ్‌కాట్ అన్న మాటలో కుర్రాడు ఎక్కడున్నాడు? బాయ్‌కట్ క్రాపుకూ దీనికీ సంబంధం ఉందా? ‘అతన్ని పార్టీ నుంచి బహిష్కరించారు’ అన్న వాక్యాన్ని మా అబ్బాయి ఇంగ్లీషులోకి మారుస్తూ ‘బాయ్‌కాటెడ్’ అని రాస్తే టీచరు కొట్టేశారు. తప్పేమిటి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కుర్రాడూ లేడు, క్రాపూ లేదు. బాయ్‌కాట్ ఒక మనిషి ఇంటిపేరు. చార్లెస్ కనింగ్‌హామ్ బాయ్‌కాట్ (1832–1897) ఇంగ్లండులోని నార్‌ఫోక్‌లో పుట్టాడు. కొంతకాలం సైన్యంలో పనిచేసి, ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటుగా కుదిరాడు. కౌలు వసూలు చేయడం, కట్టనివాళ్లను ఖాళీ చేయించడం అతని పని. పంటలు దెబ్బతిన్న 1880లో కౌలుదారులు నూటికి పాతిక తగ్గించమన్నారు. దొర పదికి మించి ఒప్పుకోలేదు. సెప్టెంబరులో బాయ్‌కాట్ ఖాళీ చేయమని నోటీసులు ఇప్పించడం మొదలుపెట్టాడు.

అదే నెల 19న ఐర్లండ్‌లోని ఎన్నిస్ పట్టణంలో జరిగిన సభలో కౌలు రైతుల ఉద్యమ నాయకుడు పార్నెల్ ఒక ఉపాయం చెప్పాడు. తోటి రైతును వెళ్లగొట్టిన పొలాన్ని కౌలుకు తీసుకున్నవాడి మీద చెయ్యి చేసుకోవద్దు, దారిలో, అంగట్లో, చర్చిలో అతనితో మాట్లాడొద్దు అని. ఊరివాళ్లు దాన్ని ఏజెంటు మీదే ప్రయోగించారు. కూలీలు పొలం దిగలేదు, పనివాళ్లు ఇల్లు వదిలిపోయారు, అంగళ్లలో సరుకు ఇవ్వలేదు. చివరికి పంట తీయడానికి ఐర్లండ్ ఉత్తర ప్రాంతం నుంచి 50 మందిని పిలిపించి, వాళ్లకు కాపలాగా వందల మంది సైనికులను, పోలీసులను దింపారు. పంట విలువకు ఎన్నో రెట్లు ఖర్చయింది. ఆ ఏడాది చివర్లో బాయ్‌కాట్ ఐర్లండ్ విడిచి వెళ్లిపోయాడు.

ఈ పనికి పేరు కావాలి. అమెరికా పత్రికా రచయిత జేమ్స్ రెడ్‌పాత్ చెప్పినదాన్ని బట్టి, ‘ఆస్ట్రసైజ్’ (వెలివేయడం) అంటే పల్లెజనానికి అర్థం కాదనీ, బాయ్‌కాట్ పేరే క్రియగా వాడదామనీ సూచించింది స్థానిక మతగురువు ఫాదర్ ఓమాలీ. ఆ ఏడాదే మాట పత్రికలకెక్కింది. ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ భాషలూ అదే పేరును తమ ఉచ్చారణకు మలుచుకున్నాయి. మన దేశంలో 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్ సభ విదేశీ వస్తువుల బాయ్‌కాట్‌కు తీర్మానించింది.

ఇక మీ అబ్బాయి వాక్యం. చిక్కంతా తెలుగు ‘బహిష్కరణ’లో ఉంది, ఒకే మాట మూడు పనులు చేస్తోంది. విభక్తిని చూస్తే చాలావరకు తేలిపోతుంది. ‘పార్టీ నుంచి’ బహిష్కరిస్తే, అంటే బయటికి పంపేస్తే, ఇంగ్లీషులో ‘ఎక్స్‌పెల్’. ‘సమావేశాన్ని’ బహిష్కరిస్తే, అంటే మనమే వెళ్లకపోతే, ‘బాయ్‌కాట్’. ఇక ‘ఆ కుటుంబాన్ని’ బహిష్కరిస్తే అది వెలి, ‘సోషల్ బాయ్‌కాట్’. ఈ మూడోదాన్ని మాత్రం పట్టి చూడాలి. మేయోలో బలం లేనివాళ్లు బలమున్నవాడికి దూరం జరిగారు. వెలిలో బలమున్నవాళ్లు బలం లేనివాళ్లకు నీళ్లూ, పనీ, పలకరింపూ ఆపుతారు. దళితులు, గిరిజనుల మీద సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడాన్ని 2015 సవరణ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో నేరంగా చేర్చింది. అందుకే వార్త రాసేటప్పుడు ‘బహిష్కరణ’ అని సరిపెట్టకుండా ‘వెలి వేశారు’ అనే రాయాలి.

వాడుకలో మరో రెండు పొరపాట్లు. సభ మొదలయ్యాక మధ్యలో లేచి వస్తే అది వాకౌట్. అసలు లోపలికే వెళ్లకపోతే బాయ్‌కాట్. క్రియగా వాడినప్పుడు వెనక ‘ఫ్రమ్’ పెట్టకూడదు: ‘దే బాయ్‌కాటెడ్ ద మీటింగ్’ అంటే చాలు. స్పెల్లింగులో చివర రెండు ‘టీ’లు ఉంటాయి, ఇంటిపేరులోనూ అంతే.