వయొలిన్ మన బాణీ, గిటార్ కంట్రీ బాణీ: కలిసేదెలా?

ప్రశ్న: ఉద్యోగాలు చేసుకుంటూనే నలుగురం కలిసి సెలవు రోజుల్లో కంట్రీ (అమెరికా పల్లె సంగీతం) బాణీలో తెలుగు పాటల ఆల్బమ్ రికార్డు చేస్తున్నాం. వయొలిన్ వాయించే అమ్మాయిది కర్ణాటక సంగీతం. గిటార్‌తో కలిపితే కొన్నిచోట్ల అపశ్రుతి పలుకుతోంది. తీగల్ని పాశ్చాత్య పద్ధతిలో కట్టుకోమనాలా?
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అక్కర్లేదు. మన స-ప-స-ప వరసని ఐదు శ్రుతికి కడితే పాశ్చాత్య స్వరాల్లో జి-డి-జి-డి, ఆరుకి కడితే ఎ-ఇ-ఎ-ఇ. అమెరికా పల్లె ఫిడేలు వాయించేవాళ్లు పాత పాటలకు ఈ రెండూ కడతారు. కాబట్టి జి మేజర్ పాటలన్నీ ఒక విడతలో, ఎ మేజర్ పాటలు మరో విడతలో పెట్టుకోండి. ఎ పాటలకు గిటార్‌కి రెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డగీత) మీద కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) వేస్తే సరిపోతుంది గానీ, వయొలిన్ తీగల్ని పైకి బిగించినప్పుడల్లా బ్రిడ్జి (తీగల్ని మోసే చెక్క) ఫింగర్‌బోర్డు వైపు ఒరుగుతుంది. ప్రతిసారీ చూసి నిటారుగా సర్దకపోతే పడిపోతుంది.

అపశ్రుతి ఎక్కువగా వచ్చేది కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) మారేచోట. కంట్రీ వరసలు చాలావరకు మోహన రాగంలో ఇమిడిపోతాయి. కానీ జి పాటలో ఆమె గాంధారం పట్టుకుని ఉండగా గిటార్ సి కార్డుకి వెళ్తే, ఆ కార్డులోవి మ, ద, స. గ, మ పక్కపక్క స్వరస్థానాలు కాబట్టి ఒరుసుకుంటాయి. సి మీద స గానీ ద గానీ, డి మీద ప గానీ రి గానీ నిలపమనండి. ఇంకో చిక్కు, తంబురాకి ఒదిగే అంతర గాంధారం (పై గాంధారం) ఫ్రెట్ల మీది గాంధారం కన్నా 14 సెంట్లు (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో వందో వంతు ఒక సెంటు) తక్కువ. రికార్డింగ్‌లో శ్రుతిపెట్టె కట్టేసి, హెడ్‌ఫోన్‌లో గిటారే వినిపించండి.

కంపితాలు (స్వరాన్ని ఊపడం) తగ్గించి, సాధారణ గాంధారం (కింది గాంధారం) నుంచి అంతర గాంధారానికి ఒక్క జారు వేయించి చూడండి. కంట్రీ రుచి అంతా ఆ జారులోనే ఉంది. జారడం ఆమెకి వచ్చిన విద్యే కాబట్టి, మీ ఆల్బమ్‌కి ఆమే పెద్ద బలం.

ప్రశ్న: హైదరాబాద్‌లోని మిత్రుడు పంపిన మాండొలిన్ మా దగ్గర వేగంగా, శ్రుతి పెరిగి వినిపిస్తోంది. మళ్లీ వాయించమనాలా?
– ఓ పాఠకురాలు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: వద్దు. ఆయన 44,100 హెర్ట్జ్‌లో (సెకనుకి తీసే ధ్వని నమూనాల లెక్క) రికార్డు చేస్తే, మీ రికార్డింగ్ ప్రాజెక్టు దాన్ని 48,000గా చదువుతున్నట్టుంది. వేగం 9 శాతం దాకా పెరిగి, జి పాట జి షార్ప్‌కీ ఎకీ మధ్యలో పడుతుంది. ఫైల్ రేటు 44,100 అని సరిచేసి 48,000కి కన్వర్ట్ చేయండి. ఇకమీదట అందరూ 48,000, 24 బిట్, వేవ్ ఫైల్ అని ముందే అనుకోండి. ఎంపీ3 అయితే మొదట్లో కాస్త నిశ్శబ్దం చేరి తాళం వెనకబడుతుంది. మాండొలిన్ పాట మధ్యలో మొదలైనా సరే, ఫైల్ మాత్రం సున్నా నుంచే ఉండాలి. వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

ప్రశ్న: పెడల్ స్టీల్ గిటార్ (పెడల్స్‌తో తీగల శ్రుతి మార్చేది) లేకుండా కంట్రీ పాటల్లోని ఆ సాగే నాదం వస్తుందా?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: పెడల్స్‌తో కార్డు లోపలి స్వరాలు విడివిడిగా కదిలే అందం రాదు. సాగుడు మాత్రం వస్తుంది. పాత అకౌస్టిక్ గిటార్‌కి ఎక్స్‌టెన్షన్ నట్ (మెడ చివర తీగల్ని ఎత్తే పట్టీ) తొడిగి తీగల్ని ఎత్తండి. ఆరో తీగని డికి, ఐదో తీగని జికి, మొదటి తీగని డికి దించి, గిటార్‌ని ఒళ్లో వెల్లకిలా పెట్టి స్టీల్ బార్‌తో వాయించండి. బార్ ఫ్రెట్ గీతకి సరిగ్గా పైన ఉండాలి. వేలు పెట్టే అలవాటు కొద్దీ వెనక పెడితే స్వరం తగ్గుతుంది. బార్ వెనక వేళ్లు తీగల మీద తేలిగ్గా ఆనించి ఉంచితే గరగర పోతుంది.