పెళ్లి ఫోటోల కార్డు గురించి

చి॥ సీనుకి, బాబాయి ఆశీస్సులు.

కెమెరాలో ‘డిలీట్ ఆల్’ నొక్కేశావట, మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ తర్వాత ఇంకో ఫోటో తీయకుండా ఉంటే అక్క పెళ్లి ఫోటోల్లో చాలావరకు దొరుకుతాయి. ముందు కార్డు బయటికి తియ్యి. ఎడమ అంచున గోరంత మీట ఉంటుంది, కార్డు మీద కొత్తగా ఏదీ రాయకుండా దాన్ని ‘లాక్’ వైపు కిందికి జరుపు. అది నిజమైన తాళమేమీ కాదు, కార్డు పెట్టే రీడర్ దాని మాట వింటేనే పనిచేస్తుంది. అయినా జరిపే ఉంచు.

నీది 64 జీబీ కార్డు కాబట్టి అందులో ఫైళ్లు అమర్చే పద్ధతి (ఫైల్ సిస్టమ్) ఎక్స్‌ఫ్యాట్ అయి ఉంటుంది. అందులో డిలీట్ అంటే ఫోటో చెరిగిపోవడం కాదు. ఫైలు పేరు దగ్గర ‘వాడుకలో ఉంది’ అని చెప్పే బిట్ ఆరిపోతుంది, ఆ చోటు ఖాళీ అని పట్టికలో పడుతుంది. అసలు బొమ్మ అక్కడే ఉంటుంది, దాని మీద కొత్తది రాసేదాకా. అందుకే కార్డు పెట్టగానే విండోస్ ‘ఫార్మాట్ చేయాలి’ అన్నా, ‘స్కాన్ చేసి సరిచేస్తా’ అన్నా కేన్సిల్ కొట్టు. ఆ సరిచేయడంలోనే మనకి కావలసిన ఆనవాళ్లు పోతాయి.

తర్వాత పని కార్డు మీద చేయకు, దాని నకలు మీద చెయ్యి. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే నకలు తీసే ప్రోగ్రాంకి మూడు పేర్లు ఇవ్వాలి: మొదట కార్డు, తర్వాత ఇమేజ్ ఫైలు (అదే నకలు), ఆఖరున ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు. మొదటి రెండూ తారుమారైతే కార్డు మీదే రాతపడే ప్రమాదం ఉంది. ఎంటర్ కొట్టేముందు కార్డు పేరు, దాని సైజు మరోసారి సరిచూసుకో. సెకనుకి 30 ఎంబీ చొప్పున చదివితే సుమారు 35 నిమిషాలు పడుతుంది. ఇమేజ్‌కి 64 జీబీ, దొరికిన ఫైళ్లకి మరో 64 జీబీ ఖాళీ ఉంచుకో.

ఇప్పుడు టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాంతో ఆ ఇమేజ్‌ని తెరువు. ‘అడ్వాన్స్‌డ్’లోకి వెళ్లి ‘అన్‌డిలీట్’ నొక్కితే పోయిన ఫైళ్లు ఎర్రగా కనిపిస్తాయి. పేర్లతో సహా వస్తాయి కాబట్టి ముందు ఇదే ప్రయత్నించు.

మిగిలినవాటికి ఫోటోరెక్ అనే ప్రోగ్రాం. ఇది పేర్లు పట్టించుకోదు, ఫైలు మొదట్లో ఉండే గుర్తులు వెతుకుతుంది. జేపెగ్ అయితే ఎఫ్‌ఎఫ్ డీ8 ఎఫ్‌ఎఫ్ అని మొదలవుతుంది. ఫైల్ సిస్టమ్ అడిగితే ‘అదర్’ అను. డిలీట్ మాత్రమే జరిగింది కాబట్టి ‘ఫ్రీ’ (ఖాళీ చోటు మాత్రమే వెతకడం) చాలు, ఫార్మాట్ కూడా అయి ఉంటే ‘హోల్’ (మొత్తం వెతకడం) ఎంచుకో. నికాన్ కెమెరా రా ఫైళ్లు (జేపెగ్‌గా మార్చని అసలు ఫోటోలు) కావాలంటే జాబితాలో టిఫ్ దగ్గర టిక్ తీసేయకు, అవి దాని కిందే వస్తాయి. పేర్లన్నీ ఎఫ్ అక్షరం, వెనక అంకెలుగా మారిపోతాయి. కంగారుపడకు, తీసిన తేదీ, టైము ఫోటో లోపలే ఉంటాయి, వాటితో వరస పెట్టుకోవచ్చు. టీ అక్షరంతో మొదలయ్యేవి చిన్న నమూనా బొమ్మలు, వాటిని చూసి ఫోటో దొరికిందని మురిసిపోవద్దు.

సగం బొమ్మ బాగుండి కింద బూడిద రంగు కనిపిస్తే, ఆ భాగం మీద వేరేది పడిందనో, ఫైలు ముక్కలుగా చెదిరి ఉందనో అర్థం. వీడియోలకే ఈ బాధ ఎక్కువ. చాలా కెమెరాలు ఎంపీ4 వీడియోలో ఏది ఎక్కడుందో చెప్పే సూచికని ఫైలు చివర్లో రాస్తాయి, అది అతకకపోతే వీడియో అసలు తెరుచుకోదు. అదే కెమెరాతో, అదే సెట్టింగులో తీసిన మంచి వీడియో ఒకటి పక్కన పెట్టుకో. అన్‌ట్రంక్ అనే ప్రోగ్రాం దాన్ని చూసి కొన్నిసార్లు బాగుచేస్తుంది.

లాప్‌టాప్‌లో కాపీ ఉండేది, అదీ డిలీట్ చేశానన్నావట. దాని మీద ఆశ పెట్టుకోకు. అది ఎస్‌ఎస్‌డీ. విండోస్ 7 నుంచి డిలీట్ చేయగానే ఆ చోటు ఇక అక్కర్లేదని చెప్పే ట్రిమ్ ఆదేశం ఎస్‌ఎస్‌డీకి వెళ్తుంది, ఆ చోటు చదివితే మామూలుగా సున్నాలే వస్తాయి. రీసైకిల్ బిన్ మాత్రం ఒకసారి చూడు.

ఫోటోలన్నీ పూర్తి సైజులో తెరిచి చూసేదాకా ఆ కార్డుని కెమెరాలో పెట్టకు.

మీ బాబాయి