పాత తుపాకీ, చింతపండు, నా 340 డాలర్లు

తమ్ముడూ,

గ్రీన్ కార్డు వచ్చిందన్నావు, సంతోషం. పక్కింటాయనతో జింకల వేటకి పోదామని పాత రైఫిల్ కొన్నానని, బ్యారెల్ (గొట్టం) మీద ఎర్రటి తుప్పు చుక్కలు, రంగు లేచిపోయిన చారలు ఉన్నాయని రాశావు. దాన్ని కొత్తదానిలా మెరిపించే ఉపాయం అడిగావు. ఆ మెరుపు పిచ్చి నాకూ పట్టింది. దానికి ఎంత వదిలిందో రాసుకున్న డైరీ ఇప్పటికీ నా సొరుగులో ఉంది. మా ఆవిడ నవ్వుతుంది గానీ, ఇక్కడికొచ్చిన మొదటి రోజు నుంచీ ప్రతి డాలరూ రాసుకున్నాను కాబట్టే ఈ ఇంటి అప్పు అంత తొందరగా తీరింది.

ముందు చట్టం సంగతి, రెండు ముక్కల్లో. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకుంటే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు లాంటివి ఉన్నాయి. నీకు కార్డు వచ్చింది, మరి నీ రూమ్మేట్‌కి రాలేదుగా? తాళం వేసి, తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో. మిగతా రూల్సు నువ్వే చదువుకో, ఇంజనీరువి.

2012 అక్టోబరులో నేను కొన్నది మార్లిన్ 336 అనే రైఫిల్, థర్టీ-థర్టీ అనే సైజు తూటాది. 1948 నుంచి వస్తున్న మోడల్, కింద తూటా ఎక్కించే లీవర్ ఉంటుంది. పెన్సిల్వేనియాలో సగం ఇళ్ళలో తాత వాడినదో మామయ్య వాడినదో ఇలాంటిది ఒకటి కనిపిస్తుంది. 340 డాలర్లు. అప్పట్లో డాలరు 53 రూపాయలు, అంటే 18 వేలు. కౌంటర్ దగ్గర నిలబడే గుణించాను. కొత్తది కొనలేక కాదు, పాతది కొని బాగుచేసుకుంటే తెలివైనవాణ్ణి అవుతానని. ఆ తెలివి ఎలా వెలిగిందో విను.

మా అమ్మ ఇత్తడి బిందెలు చింతపండుతోనే తోమేది. బిందె మీద మకిలి పోతున్నప్పుడు బ్యారెల్ మీద తుప్పు ఎందుకు పోదు? బేస్‌మెంట్‌లో కూర్చుని, గుజ్జు పట్టించి, పది నిమిషాలు ఆగి తుడిచాను. తుప్పు పోయింది. దాంతోపాటు నీలి నలుపు కూడా అరచేయంత మేర పోయి, కింద బోడి ఇనుము బూడిదరంగులో బయటపడింది. మందులు కొనే ఖర్చు తప్పుతుందని ఆదా చేద్దామనుకున్నవాణ్ణి, గుడ్డ చేతిలో పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాను.

ఆ నలుపు పెయింటు కాదు, అది నాకు తర్వాత తెలిసింది. ఇనుమునే ఒక పద్ధతిలో తుప్పు పట్టించి ఆపితే వచ్చే పొర అది. బ్లూయింగ్ అంటారు. ఫ్యాక్టరీలో కాస్టిక్ సోడా, నైట్రేటు ఉప్పులు కలిపిన నీళ్ళని 140 డిగ్రీల దాకా మరిగించి అందులో ముంచుతారు. ఎర్ర తుప్పూ ఇనుము ఆక్సైడే, ఈ నలుపూ ఇనుము ఆక్సైడే. పులుపుకి ఈ రెండింటికీ తేడా తెలియదు. వెనిగరు, నిమ్మకాయ, బాత్రూములో తుప్పు మరకలు వదలగొట్టే ద్రావకం, అన్నీ ఇంతే. డ్రిల్లుకి వైరు బ్రష్షు తగిలించి తోమడం అంతకంటే ఘోరం. ఆ బ్రష్షుకి 12 డాలర్లు పెట్టాను, డైరీలో ఉంది.

రెండో ఘనకార్యం కొబ్బరినూనె. తలకి రాసుకునేదే కదా, ఇనుముకేం తక్కువ అని లోపలా బయటా దట్టించాను. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందే పేరుకుంటుంది. థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం, తెల్లారుజామున, సున్నా కింద చలిలో, మూడు గంటలు కూర్చున్నాక జింక వచ్చింది. ట్రిగ్గర్ నొక్కాను. సుత్తి "టక్" మని పడింది గానీ తూటా పేలలేదు. లోపల తూటాని పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్ను చుట్టూ నూనె మైనంలా గడ్డకట్టింది. (అలా జరిగితే బ్యారెల్‌ని ఎవరూ లేని వైపే ఉంచి అర నిమిషం కదలకుండా ఉండాలి. ఆలస్యంగా పేలే తూటాలుంటాయి.) జింక నా వంక చూసి తాపీగా వెళ్ళిపోయింది. వేట లైసెన్సు డబ్బులు, ఒకరోజు జీతం గంగపాలు. నువ్వుల నూనె, ఆముదం కూడా వద్దు. వంటింటి నూనెలు కొన్నాళ్ళకి జిగురుగా మారతాయి. తుపాకీ నూనె చిన్న సీసా రెండేళ్ళు వస్తుంది, అక్కడ పిసినారితనం చూపకు.

ఆ తర్వాత తుపాకీలు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాను. మొత్తం మళ్ళీ బ్లూయింగ్ చేస్తే 225 డాలర్లన్నాడు. గుండె ఝల్లుమంది. నా మొహం చూసి ఆయనే వద్దన్నాడు. పాలిష్ పట్టినప్పుడు అంచులు గుండ్రబడతాయట, బ్యారెల్ మీది అక్షరాలు అరిగిపోతాయట, కొనేవాళ్ళు అసలు రంగు ఉన్నదానికే ఎక్కువిస్తారట. తర్వాత స్క్రూలు చూసి తిట్టాడు. మామూలు స్క్రూడ్రైవర్ కొస వాలుగా ఉంటుంది, గాడిలో కుదురుగా కూర్చోక జారి స్క్రూ తలని చెక్కేస్తుంది. తుపాకీ స్క్రూలకి కొస సమంగా ఉండేవి వేరే ఉంటాయి. నేను వాడినది డాలర్ షాపుది.

ఆయన నేర్పిన పద్ధతి ఇది. ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూడు. లీవర్ ఆడిస్తే సరిపోదు, బ్యారెల్ కింద తూటాలు పేర్చే గొట్టంలో ఒకటి ఇరుక్కుని ఉండొచ్చు. వేలు పెట్టి తడుము. తూటాల డబ్బా ఆ గదిలోనే ఉండకూడదు. నీది కూడా 336 అయితే లీవర్ స్క్రూ ఒక్కటి తీస్తే లీవర్ ఊడొస్తుంది, బోల్టు (తూటా వెనక మూసే ఉక్కు కడ్డీ) వెనక్కి జారుతుంది. పేలిన తూటా గుల్లని బయటికి నెట్టే చిన్న ఎజెక్టర్ ముక్క దానంతటదే రాలుతుంది, కింద తెల్లగుడ్డ పరుచుకో. నేను పరవలేదు, దానికోసం కార్పెట్ మీద గంటసేపు పాకాను.

తుప్పు చుక్కల మీద నూనె రాసి రాత్రంతా వదిలెయ్. పొద్దున ఒక పెన్నీ (ఒక సెంటు నాణెం) తీసుకో. 1982కి ముందుదై ఉండాలి. అప్పటిదాకా పెన్నీలో 95 శాతం రాగి, ఆ ఏడాది నుంచి జింకు బిళ్ళకి రాగి పూత. రాగి ఉక్కు కన్నా మెత్తన, అందుకే నూనెలో తడిపి అంచుతో గీకితే తుప్పు లేస్తుంది, ఉక్కు మీద గీత పడదు. నా పనిముట్లన్నిట్లో ఇంత చవకది లేదు, పైగా పని అయ్యాక ఖర్చుపెట్టుకోవచ్చు కూడా. మిగిలినదానికి నాలుగు సున్నాల స్టీల్ ఉల్ (అన్నిటికన్నా సన్నని ఉక్కు పీచు), అదీ నూనెతోనే, పిల్లాడి బుగ్గ తుడిచినంత మెల్లగా. ఎర్ర పొడి రావడం ఆగి గోధుమరంగు మచ్చ మిగిలితే అక్కడ ఆపెయ్. అది పోవాలని పట్టుబడితే నలుపు కూడా పోతుంది.

బోడి ఇనుము కనిపించే చోట మాత్రమే కోల్డ్ బ్లూ, అంటే మరిగించే పని లేకుండా ఇంట్లోనే రాసుకునే బ్లూయింగ్ మందు. చిన్న సీసా, నాకు పది డాలర్లకి దొరికింది. అందులో సెలీనియస్ ఆమ్లం ఉంటుంది, విషం, గ్లవ్స్ వేసుకో, కిటికీ తెరువు. ముందు అసిటోన్‌తో జిడ్డంతా తుడిచెయ్. చెక్క మీద పడనీయకు, వార్నిష్ పోతుంది. దగ్గర్లో మంట ఉండకూడదు. అసిటోన్ ఆరి, వాసన పోయాకే హెయిర్ డ్రయ్యర్‌తో ఇనుముని గోరువెచ్చగా చేసి, దూదిపుల్లతో ఒక్క ఊపులో రాయి. నిమిషం ఆగి చన్నీళ్ళతో కడిగి, స్టీల్ ఉల్‌తో తేలిగ్గా తుడిచి మళ్ళీ రాయి. నేను అయిదుసార్లు రాశాను. చివర్లో నూనె బాగా పట్టించి ఒక రాత్రి ఉంచాలి, లేదంటే తెల్లారేసరికి మళ్ళీ ఎర్రబడుతుంది. రంగు పాతదానితో అచ్చంగా కలవదు. ఎండలో పెట్టి చూస్తే నా చింతపండు మచ్చ ఇప్పటికీ తెలుస్తుంది. 2016లో అమ్మబోతే ఆ మచ్చ చూపించే 260 అడిగాడు ఒకాయన. ఇవ్వలేదు. ఇప్పుడు మచ్చ లేనివి 500 దాటాయి, ఆ మాట తల్చుకుంటే ఇవాళ్టికీ అన్నం సహించదు.

నీది విన్చెస్టర్ 94 (అదీ లీవర్ రైఫిలే) అయి, 1964 తర్వాతి కాలానిదైతే రిసీవర్ (బ్యారెల్ వెనక బోల్టు కదిలే భాగం) జోలికి పోకు. ఆ ఏళ్ళలో చేసిన చాలావాటి లోహం వేరు, కోల్డ్ బ్లూ సరిగ్గా పట్టదు. అల్యూమినియానికి అసలే పట్టదు, అయస్కాంతం పెట్టి చూసుకో.

స్పాంజి ఉన్న పెట్టెలో ఉంచి బేస్‌మెంట్‌లో పడెయ్యకు, ఆ స్పాంజి తేమంతా పట్టి ఉంచుతుంది. నా రెండో విడత తుప్పు అలాగే వచ్చింది, ఆ పెట్టె ఖరీదు 35. చలిలోంచి ఇంట్లోకి తెస్తే ఇనుము మీద నీటి చెమ్మ చేరుతుంది, తుడిచి నూనె రాశాకే లోపల పెట్టు.

డైరీ లెక్క తేల్చాను. బాగుచేయడానికని 118 డాలర్లు పోస్తే, అందులో నిజంగా పనికొచ్చింది 29. కోల్డ్ బ్లూ సీసా నువ్వు కొనకు, నా దగ్గర ముప్పావు వంతు మిగిలే ఉంది. శనివారం వచ్చి పట్టుకెళ్ళు, పప్పుచారు చేయిస్తాను. కాకపోతే హారిస్‌బర్గ్ నుంచి టర్న్‌పైక్ మీద రాకు, ఆ టోలు పెడితే సీసాలు రెండు మూడు వస్తాయి. పాత రోడ్డు మీద రా, గంట ఎక్కువ పడుతుంది, అంతే.