రాసుకోవడానికి ఏ లాప్‌టాప్?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఇన్నాళ్లూ కథలు ఫోన్లోనే రాశాను. ఇప్పుడు నవల మొదలుపెట్టాను కాబట్టి లాప్‌టాప్ కొందామనుకుంటే తలా ఒకటి చెబుతున్నారు. ఐ7 ప్రాసెసర్ తప్పనిసరి అని ఒకరు, గ్రాఫిక్స్ కార్డు లేకపోతే నాలుగేళ్లకే మూలపడుతుందని ఇంకొకరు. నా పని రాయడం, నాలుగు వెబ్‌సైట్లు తిరగేయడం, అంతే. నాకు నిజంగా ఏం కావాలి?

జవాబు: సలహా ఇచ్చినవాళ్లు బహుశా గేములు ఆడేవాళ్లో వీడియోలు ఎడిట్ చేసేవాళ్లో అయివుంటారు. వాళ్ల లెక్క వేరు. ఫోన్లూ కంప్యూటర్లూ ఇప్పుడు వాడే యూనికోడ్ పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తు సాధారణంగా మూడు బైట్లు తీసుకుంటుంది. మాటకు సగటున ఎనిమిది గుర్తులు వేసుకున్నా, అరవై వేల మాటల నవల మొత్తం ఒకటిన్నర ఎంబీలోపే. ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో చాలాసార్లు అంతకంటే బరువుంటుంది. ఆ ఫైలు తెరవడానికి ఐ7 అక్కర్లేదు, గ్రాఫిక్స్ కార్డు అసలే అక్కర్లేదు. పైగా అది ఉంటే వేడి, ఫ్యాను మోత, బ్యాటరీ ఖర్చు మూడూ పెరుగుతాయి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర హెచ్ ఉంటే ఎక్కువ కరెంటు తాగే రకమని అర్థం. యూ ఉన్నది మీకు నప్పుతుంది. ఏఎమ్‌డీలోనూ యూ రకం చూడండి.

ర్యామ్ ఒక్కదాని దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. రాయడానికి 8 జీబీ సరిపోతుంది కానీ బ్రౌజర్లో ఇరవై ట్యాబులు తెరిచి పెట్టుకునే అలవాటుంటే చాలదు. పల్చటి లాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచడం కుదరదు. అలాంటిదైతే 16 జీబీది తీసుకోండి. స్టోరేజీకి 256 జీబీ ఎస్ఎస్‌డీ చాలు. చవక మోడళ్లలో 64 లేదా 128 జీబీ ‘ఈఎమ్ఎమ్‌సీ’ అని రాసి ఉంటుంది, దాని జోలికి పోకండి. అది ఎస్ఎస్‌డీకన్నా బాగా నెమ్మది, 64 జీబీదైతే విండోస్‌తో, దాని అప్‌డేట్లతోనే సగం నిండిపోతుంది.

ఇలా మిగిలిన డబ్బంతా కీబోర్డు మీద పెట్టండి. రాసేవాళ్లకు లాప్‌టాప్ అంటే ముందు కీబోర్డే, మిగతాదంతా దాని తర్వాత. కొనేముందు దాన్ని బల్లమీద పెట్టి, నిలబడి కాకుండా కూర్చుని, కనీసం ఒక పేజీ కొట్టి చూడండి. కీ ఎంత లోతుకు దిగుతుందో చూడాలి. 1.3 నుంచి 1.5 మిల్లీమీటర్లుంటే వేళ్లకు హాయి. ఒక మిల్లీమీటరు దగ్గర ఆగిపోయేవాటికి కొందరు అలవాటుపడతారు, కొందరికి గంట తిరిగేసరికి వేలికొసలు నొప్పెడతాయి. స్కేలుతో కొలవండి: క్యూ కీ ఎడమ అంచు నుంచి పి కీ కుడి అంచు దాకా సుమారు 19 సెంటీమీటర్లు ఉండాలి. 18 కన్నా తగ్గితే కీలు కుదించారన్నమాట, తప్పులు పడుతూనే ఉంటాయి. జి, హెచ్ కీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కండి. అక్కడ బోర్డు లోపలికి వంగితే, ఆ మెత్తదనం ప్రతి అక్షరానికీ తగులుతుంది.

15.6 అంగుళాల వాటిలో చాలావాటికి కుడిపక్క అంకెల కీలు విడిగా ఇస్తారు. లెక్కలు రాసేవాళ్లకు వరం, మీకు మాత్రం ఇబ్బంది. అక్షరాల కీలు ఎడమకు జరిగిపోవడంతో చేతులొక చోట, తెర మధ్యభాగం ఒక చోట ఉంటాయి. గంటలకొద్దీ మెడ కాస్త కుడికి తిప్పుకునే కూర్చుంటారు. 14 అంగుళాలది తీసుకుంటే ఆ పేచీ ఉండదు, సంచిలోనూ పడుతుంది.

ప్రశ్న: ఇప్పుడున్న లాప్‌టాప్‌లో తెలుగు చదివితే కళ్లు గుంజుతున్నాయి. ఇంగ్లీషు చదివితే అంత ఇబ్బంది లేదు. తెర మారిస్తే తగ్గుతుందా?

జవాబు: తగ్గే అవకాశం చాలా ఉంది. మీది 15.6 అంగుళాల తెర, 1366×768 రిజల్యూషన్ అయివుండాలి. అంగుళానికి వంద చుక్కలు మాత్రమే. ఇంగ్లీషు అక్షరాలకు అది ఎలాగో సరిపోతుంది. తెలుగుకు తలకట్టు పైన, ఒత్తు కింద, గుడి ఇంకా పైన. అంత సరంజామా ఆ కాసిని చుక్కల్లో ఇరుక్కోవాలి. అందుకే కన్ను ప్రతి ఒత్తునూ ఊహించుకుంటూ చదువుతుంది.

కొత్తది కొనేటప్పుడు 14 అంగుళాల్లో 1920×1200 చూడండి. అంగుళానికి 160కి పైగా చుక్కలొస్తాయి. 1920×1080 అయినా స్పష్టతలో తేడా లేదు, కానీ 1200 ఉన్న తెర నిలువుగా కాస్త ఎక్కువ ఉంటుంది, పేజీలో మరో మూడు నాలుగు లైన్లు కనిపిస్తాయి. రాసేటప్పుడు పైపేరా కళ్లముందుండడం చిన్న సౌకర్యం కాదు.

పరీక్షకు మూడు మాటలు చాలు. పన్నెండు పాయింట్ల సైజులో, జూమ్ వంద శాతం ఉంచి ‘కథ, రాష్ట్రం, లక్ష్మి’ అని కొట్టండి. మామూలుగా కూర్చునే దూరం నుంచి చూస్తే ‘థ’ కడుపులో చుక్క విడిగా కనిపించాలి. అది ‘ధ’లా అనిపించినా, రాష్ట్రంలో ట ఒత్తు, ర ఒత్తు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినా ఆ తెర వద్దు.

ఐపీఎస్ ప్యానెలే తీసుకోండి. పాత టీఎన్ ప్యానెల్ అయితే తల కాస్త పైకెత్తినా రంగు మారిపోతుంది. వెలుతురు 300 నిట్స్ కన్నా తగ్గకూడదు. కిటికీ పక్కన రాసే అలవాటుంటే 400 మంచిది. అద్దంలా మెరిసే తెర షోరూములో ముచ్చటగా ఉంటుంది, ఇంటికొచ్చాక అందులో మీ ముఖమే మీకు కనిపిస్తుంది. మ్యాట్ తెర అడగండి. ఓఎల్ఈడీ తెరల్లో నలుపు చాలా బాగుంటుంది కానీ కొన్నింటిలో వెలుతురు తగ్గించినప్పుడు తెర కంటికి తెలియనంత వేగంగా మిణుకుతుంది. తలనొప్పి స్వభావం ఉన్నవాళ్లు వెలుతురు సగానికి తగ్గించి కాసేపు చదివి చూశాకే నిర్ణయించుకోవాలి.

ప్రశ్న: కీల మీద తెలుగు అక్షరాలు ముద్రించిన లాప్‌టాప్ కోసం వెతుకుతున్నాను. దొరకడం లేదు. ఏం చేయాలి?

జవాబు: వెతకడం మానేయండి. తెలుగు టైపింగుకు కావలసింది ముద్ర కాదు, ఏ కీకి ఏ అక్షరమో నిర్ణయించే లేఅవుట్. అది విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ ముందే ఉంటుంది. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’లో తెలుగును చేర్చండి. తర్వాత దాని ఆప్షన్లలోకి వెళ్లి కీబోర్డు ఎంచుకోండి. ఇంగ్లీషుకూ తెలుగుకూ మధ్య మారడానికి విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కితే సరి.

ఎంచుకోవలసింది రెండింటిలో ఒకటి. ఫొనెటిక్ అయితే ఇంగ్లీషు స్పెల్లింగుతో కొడతారు, ఇవాళే మొదలుపెట్టొచ్చు. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, తర్వాత మాట మనసులో తెలుగులోనే నడుస్తుంది. అందులో అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. పొల్లు డి కీ మీద ఉంటుంది. ‘అమ్మ’ కొట్టాలంటే షిఫ్ట్‌తో డి, తర్వాత సి, డి, సి. అంటే అ, మ, పొల్లు, మ. రోజూ రాసేవాళ్లకు మా ఓటు ఇన్‌స్క్రిప్ట్‌కే.

లాప్‌టాప్ ఎంపికలో దీనికి సంబంధించిన కిటుకు ఒకటుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ట, డ అనే రెండక్షరాలూ ఎంటర్ కీ పక్కనున్న విరామచిహ్నాల కీల మీద పడతాయి. చిన్న లాప్‌టాప్‌లలో స్థలం కోసం ముందుగా కుదించేది సరిగ్గా ఆ కీలనే. ఎడమచేతివైపున్న అ, ఆ, ఇ లాంటి అచ్చులన్నిటికీ షిఫ్ట్ కావాలి కాబట్టి కుడివైపు షిఫ్ట్ కూడా పెద్దదిగా ఉండాలి. ఇంగ్లీషులో మాత్రమే రాసేవాళ్ల రివ్యూలలో ఈ సంగతి కనిపించదు.

ప్రశ్న: డబ్బా మీద 18 గంటల బ్యాటరీ అని ఉంది. నమ్మొచ్చా?

జవాబు: ఆ గంటలు సాధారణంగా తెర వెలుతురు తగ్గించి వీడియో నడిపి కొలిచినవి. గంటలు పక్కనపెట్టి వాట్-అవర్లు (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) ఎంతో చూడండి. వైఫై వేసి, వెలుతురు సగం ఉంచి రాస్తుంటే లాప్‌టాప్ దాదాపు 5 నుంచి 8 వాట్లు వాడుతుంది. బ్యాటరీ 56 వాట్-అవర్లది అనుకుంటే, 7తో భాగిస్తే 8 గంటలు. రెండు మూడేళ్లకు అందులో ఐదో వంతు పోతుందని ముందే అనుకోండి. ఎప్పుడూ చార్జరుకే తగిలించి రాసేవాళ్లు చార్జింగు 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగు పెట్టుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది. యూఎస్‌బీ-సీ చార్జింగు ఉన్నది ఎంచుకోండి. చార్జరు పాడైతే ఆ కంపెనీదే వెతుక్కోవలసిన అవసరం ఉండదు.

ప్రశ్న: కొత్తది కొనే స్తోమత లేదు. రిఫర్బిష్డ్ తీసుకుంటే మోసపోతామా?

జవాబు: రాయడానికైతే ఆఫీసుల్లో వాడి తీసేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి చాలాసార్లు కొత్త చవక లాప్‌టాప్‌కన్నా నయం. వాటి కీబోర్డులు గట్టివి, విడిభాగాలు సులువుగా దొరుకుతాయి. అయితే చూసి తీసుకోవాలి.

ముందు ప్రాసెసర్ తరం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ తర్వాతిది, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. 6, 7 తరాలవి చవగ్గా ఇస్తామంటారు, ఎందుకిస్తున్నారో ఇప్పుడు మీకు అర్థమైంది కదా. లినక్స్ వేసుకునేవాళ్లకు ఈ పట్టింపు లేదు.

తర్వాత బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ’, ఒక ఖాళీ, ముందుకు వాలిన గీత, ‘బ్యాటరీరిపోర్ట్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఒక నివేదిక తయారవుతుంది. అందులో ‘డిజైన్ కెపాసిటీ’ పక్కన ‘ఫుల్ చార్జ్ కెపాసిటీ’ చూడండి. రెండోది మొదటిదాంట్లో 70 శాతం కన్నా తక్కువుంటే కొత్త బ్యాటరీ ఖరీదు కూడా కలుపుకునే బేరం ఆడాలి.

ఖాళీ డాక్యుమెంటు తెరిచి ప్రతి కీనీ ఒక్కసారి నొక్కండి. ఒక్క నొక్కుకు రెండక్షరాలు పడినా, ఏదైనా పడకపోయినా కీబోర్డు మార్చాలన్నమాట. మూత నెమ్మదిగా తెరుస్తూ దాని మడతబందు కిర్రుమంటోందా చూడండి. పూర్తి తెల్ల పేజీ, పూర్తి నల్ల పేజీ పెట్టి చుక్కలు, మసక మచ్చలు వెతకండి. స్టార్ట్ చేస్తుండగా, విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగుల తెర బయాస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డు అడిగితే ఆ యంత్రాన్ని వదిలేయండి, పాత కంపెనీ తాళం ఇంకా తీయలేదని అర్థం. మ్యాక్‌బుక్ అయితే పాత యజమాని ఖాతా నుంచి తీసేశారో లేదో మీ ఎదుటే చూపించమనండి. 2016 నుంచి 2019 మధ్య వచ్చిన మ్యాక్‌బుక్‌లలో చాలావాటికి బటర్‌ఫ్లై కీబోర్డు ఉంది. దుమ్ము రేణువు దూరినా కీ పట్టేస్తుంది. అవి ఎంత చవగ్గా వచ్చినా రాతపనికి వద్దు.

ప్రశ్న: నాకు మాక్ ఇష్టం. కానీ మా ప్రచురణకర్త అను ఫాంట్లలోనే ఫైలు కావాలంటారు. కొనొచ్చా?

జవాబు: మాక్ కొనండి, యూనికోడ్‌లో రాయండి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే మీ నవలంతా ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా కనిపిస్తుంది. పుస్తకాల పేజీలు అమర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, అందుకే కొన్ని డీటీపీ కేంద్రాలు ఇంకా పాత పద్ధతినే అడుగుతున్నాయి. యూనికోడ్ నుంచి అనులోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, ఆ పని డీటీపీ చేసేవాళ్లదే. మార్చిన ప్రతిని మాత్రం మీరే ఒకసారి దిద్దాలి, ఒత్తులూ విరామచిహ్నాలూ తారుమారయ్యేది అక్కడే. అసలు ప్రతి యూనికోడ్‌లో ఉంటే రేపు ఈ-బుక్ వేసినా, ఫైల్లో ఒక పాత్ర పేరు వెతుక్కోవాలన్నా మీకే సుఖం.

ప్రశ్న: టాబ్లెట్‌కు కీబోర్డు తగిలించుకుంటే సరిపోదా?

జవాబు: కవితలకు, చిన్న వ్యాసాలకు సరిపోతుంది. ఒళ్లో పెట్టుకుని రాస్తే మాత్రం తెర వెనక్కి వాలిపోతుంటుంది, బల్ల తప్పనిసరి. నవలకు రెండు ఫైళ్లు పక్కపక్కన తెరవాలి, అక్కడ ఇరుకు.

ప్రశ్న: పల్చటి కొత్త లాప్‌టాప్ కొన్నాను. అది చెడిపోతే లోపలి ఫైళ్లు తీయలేమని ఒకరు భయపెట్టారు. నిజమా?

జవాబు: కొన్ని మోడళ్ల విషయంలో నిజమే. ఇప్పటి మ్యాక్‌బుక్‌లలోనూ, మరికొన్ని పల్చటివాటిలోనూ స్టోరేజీ బోర్డుకే అతికించి ఉంటుంది. బోర్డు పోతే దాన్ని విడదీసి వేరే యంత్రానికి తగిలించడం కుదరదు. కొన్నది మార్చలేరు కాబట్టి సెట్టింగులు మార్చండి. వర్డ్‌లో ఆటోసేవ్ పనిచేయాలంటే ఫైలు మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్‌లో ఉండాలి. లాప్‌టాప్‌లోనే ఉన్న ఫైలుకు ఆటోరికవర్ ఒక్కటే దిక్కు. మామూలుగా అది పది నిమిషాలకొకసారి పనిచేస్తుంది. ‘ఫైల్’లో ‘ఆప్షన్స్’, అందులో ‘సేవ్’కు వెళ్లి దాన్ని రెండు నిమిషాలకు తగ్గించండి. క్లౌడ్ ప్రతితో పాటు, వారానికోసారి తేదీ పేరుపెట్టి ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. పాత కాపీ మీద కొత్తది ఎక్కించకండి. పొరపాటున చెరిపేసిన అధ్యాయం మూడు వారాల తర్వాత గుర్తొస్తే, అది దొరికేది ఆ పాత కాపీలోనే.