తిరుపతిలో స్థలం కొంటున్నారా? లాయరు ఏం చూశాడో అడగండి

ఇంగ్లండ్‌కు వచ్చి ఉద్యోగంలో కుదురుకున్న మన తిరుపతి, చిత్తూరు పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే సందేహం ఇదే. "అన్నా, తిరుచానూరు దగ్గర నాయన ప్లాటు చూసినాడు. ఈసీ క్లియర్‌గా ఉందంట, లాయరు కూడా చూశాడంట. డబ్బు పంపించేదా?"

అప్పుడే పంపొద్దు.

మన దగ్గర లీగల్ ఒపీనియన్ అంటే ఎక్కువగా లింకు డాక్యుమెంట్లు (స్థలం చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే సర్టిఫికెట్) చూసి, అమ్మేవాళ్లకు హక్కుందని చెప్పడం. అది కావాల్సిందే, కానీ అది సగం పని. అది ఏ రకం భూమి, అక్కడ ఇల్లు కట్టడానికి చట్టం ఒప్పుకుంటుందా అన్నది మిగతా సగం. ఇక్కడ ఇల్లు కొంటే సొలిసిటర్ మామూలుగా కౌన్సిల్ నుంచి లోకల్ సెర్చ్ తెప్పిస్తాడు. ప్లానింగ్ పర్మిషన్ల చరిత్ర అందులో ఉంటుంది. వరద ముప్పు, నేల కాలుష్యం ఎన్విరాన్‌మెంటల్ సెర్చ్‌లో తెలుస్తాయి. తిరుపతిలో ఆ పని మనం నోరు తెరిచి అడిగితేనే జరుగుతుంది. అందుకే ప్లానింగ్, పర్యావరణ చట్టాలు తెలిసిన లాయరునే పెట్టుకోమంటాను.

ముందు చెరువు సంగతి. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగింది, తిరుపతి కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. రాయలచెరువు కట్టకు లీకు పడితే కింద పల్లెలు ఖాళీ చేయించారు. అవన్నీ చూసినవాళ్లం కూడా ప్లాటు దగ్గరికొచ్చేసరికి రోడ్డు ఎంత దూరమనే అడుగుతాం, నాకు అదే బాధ. లాయరు ఇప్పటి అడంగల్‌తో (ఊరి భూముల రెవెన్యూ రికార్డు) ఆగకూడదు. పాత ఆర్‌ఎస్‌ఆర్ (ఏ సర్వే నంబరు ఏ రకం భూమో రాసిన రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం), గ్రామ పటం తీయించి, ఆ సర్వే నంబరు చెరువు పోరంబోకా, వంకా, కాలువా చూడాలి. చెరువు స్థలాన్ని ఇళ్లకు కేటాయించడం కుదరదని సుప్రీంకోర్టు 2001లోనే హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది. ఇలాంటి గొడవ చెన్నైలోని ఎన్జీటీ (పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్) బెంచి దాకా పోతే, రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటీ మిమ్మల్ని కాపాడలేదు.

డీకేటీ పట్టా భూములు మన వైపు చాలా ఉన్నాయి. ప్రభుత్వం పేదలకిచ్చిన ఈ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 2023 సవరణతో 20 ఏళ్లు దాటినవాటికి కొంత వీలు కల్పించారు. అయినా 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఇంకోటి, మీకే సంబంధించింది. ఉద్యోగానికని దేశం దాటాక ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) లెక్కలో మీరు ఎన్నారై. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ మీ పేరున కొనకూడదు, వారసత్వంగా వస్తే ఫర్వాలేదు. మామిడి తోటను సెంట్ల లెక్కన ముక్కలు చేసి, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చే ఎల్పీ నంబరు, అంటే లేఔట్ అనుమతి నంబరు, లేకుండా అమ్మే వెంచర్లలో ఈ చిక్కు కూడా ఉంటుంది. వాటి జోలికి పోవద్దు.

ఫ్లాటైతే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు చూడండి. మొత్తం నిర్మాణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉంటే పని మొదలయ్యే ముందే పర్యావరణ అనుమతి తీసుకుని ఉండాలి. ఆ కాపీ అడగండి.

ఒపీనియన్ సర్వే నంబరుతో, చూసిన రికార్డుల పేర్లతో రాసివ్వమనండి. ఫీజు కాస్త ఎక్కువైనా ఇవ్వండి. మీ తరఫున సంతకం పెట్టడానికి నాయనకు పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలంటే ఆ ఒక్క స్థలానికే స్పెషల్ పవర్ రాయించి, ఇండియన్ హైకమిషన్‌లో అటెస్ట్ చేయించి పంపండి. అది ఊరు చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి.